పుండు పులవాలన్న మా తోడికోడలు

మాఘ బహుళ పంచమి, శుక్రవారం.

మా తోడికోడలు పోయిందన్న సంగతి మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక, చీరాల రోడ్డు మీదున్న మా ఊరికి వచ్చి, మా ఇంటి పక్క వాటాలో ఉండేది. ఆ రోజు ఉదయం స్టవ్వు మీద ఉప్పునీళ్ళు పెట్టి, అవి మరిగేలోగా కాసేపు కూర్చుందామని కుర్చీలో కూర్చుంది. గుండె ఆగిపోయింది. మాడు వాసనకి నేను వెళ్ళేసరికి గిన్నెలో నీళ్ళన్నీ ఇగిరిపోయి, అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. స్టవ్వు కట్టేసి, "ఏమ్మా, గిన్నె మాడుతుంటే కునుకేమిటి?" అని కోప్పడ్డాను.

ఆ ఉప్పునీళ్ళు మా చేలో పనికొచ్చే సుగుణమ్మ కాలి పుండు కడగడానికి.

పెద్దకర్మ మొన్ననే అయింది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు నడుపుకునే వాట్సాప్ గ్రూపులో పెడతాం, నాలుగు మాటలు రాసివ్వమని అడిగారు. తీరిగ్గా సంవత్సరీకానికి రాద్దామనుకున్నాను. కానీ పెద్దకర్మ భోజనాల దగ్గర ఒకాయన ఆకు ముందు కూర్చుని అందరికీ వినపడేట్టు అన్నాడు: "లెక్చరరమ్మంటే మాటలా! డాక్టర్ల వల్ల కాని పుండుని నిమ్మకాయతో మాన్పింది." నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పుండు మానలేదు. నిమ్మకాయ పెట్టమని ఆమె చెప్పలేదు. సాయంత్రానికి తెలిసిందేమంటే, మా వీధిలోనే ఒకావిడ గేదె కొమ్ము గీరిన చేతికి నిమ్మచెక్క రుద్దుకుందట, లెక్చరరమ్మ వైద్యమని.

పోయినవాళ్ళ గురించి మంచి మాటే చెప్పాలంటారు. సరైన మాట చెప్పాక మంచి మాట చెప్పుకోవచ్చు. అందుకని ఇవాళే రాస్తున్నాను. గ్రూపులో పెట్టేవాళ్ళు దీన్ని ఒక కాగితం మీద అచ్చుతీయించి మా ఊరి లైబ్రరీ బోర్డుకి కూడా అంటించాలి.

మేమిద్దరం ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ఆమె కాలేజీలో కెమిస్ట్రీ. "ఒకతె కూడుతుంది, ఒకతె కలుపుతుంది. మరి వండేదెవరే?" అని మా అత్తగారు దెప్పేది. వండేది ఎక్కువగా ఆమే. నా వంటలో కొలతలు సరిగా ఉంటాయి గానీ రుచి ఉండదని మొహం మీదే చెప్పేది. తోడికోడళ్ళ మధ్య ఉండాల్సిన పోట్లాటలన్నీ మా మధ్య ఉన్నాయి. అయితే ఆమె రాత్రికి కోపం మిగుల్చుకునే మనిషి కాదు. పొద్దున్నే గోడ మీదుగా పచ్చడి గిన్నె చాపి, "అక్కయ్యా, ఉప్పు చూడు" అనేది. ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. పలకరించడానికి అదొక వంక.

ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా దోపుకుని ఉండేది. అందులో రంగు మారే కాగితం చుట్ట. దేన్ని ముట్టుకుంటే దాని పులుపెంతో, క్షారమెంతో రంగులో చెప్పే కాగితం. పులుపైతే ఎరుపు, నారింజ, పసుపు. ఏదీ కాకపోతే ఆకుపచ్చ. క్షారమైతే నీలం. బోరు నీళ్ళకి పెట్టేది, మా నల్లరేగడి మట్టి కలిపిన నీళ్ళకి పెట్టేది, ఎవరింటికైనా వెళ్తే వాళ్ళిచ్చిన మజ్జిగకి కూడా పెట్టేది. "తాగమని ఇస్తే పరీక్ష పెడతావేం?" అంటే, "తాగుతా అక్కయ్యా, పేరు అడిగి తాగుతున్నా" అనేది.

మా మనవరాలి ఓణీల వేడుకలో ఆమె చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. హారతికి ఎర్రనీళ్ళు కలుపుతుంటే పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుంది. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, చిటికెడు సున్నం వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. "దిష్టి వల్లనా?" అని అడిగింది. "కాదూ" అని అరిచారు. "మరి?" ఎవరికీ తెలియదు. నిమ్మచెక్క తీసుకుని పిండింది. ఎరుపు కరిగి మళ్ళీ పసుపైంది. "చూశారా, నిమ్మరసం పడితే ఎంత ఎరుపైనా దారికి రావాల్సిందే!" పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎర్రనీళ్ళు పాడు చేసిందని నేను విసుక్కున్నాను. ఎంగిలి పళ్ళేలు తీస్తున్న సుగుణమ్మ కూడా అక్కడ నిలబడి నోరు తెరుచుకుని చూసింది. అప్పుడది మాకెవరికీ పట్టలేదు.

పుండ్ల సంగతి ఆమెకి మా మరిది, అంటే ఆమె భర్త వల్ల పట్టుకుంది. ఆయనకి షుగరు. బొటనవేలి కింద చిన్న పుండు లేచింది. పైన ఎండి పక్కు కట్టింది, నొప్పి లేదు, వాసన లేదు. మానిందని అందరం అనుకున్నాం. లోపల ఎముక దాకా కుళ్ళింది. గుంటూరు తీసుకెళితే మోకాలి కింది దాకా తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. దినాలైన వారానికి ఆమె పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది.

"కన్ను అబద్ధం చెప్పింది, ముక్కు అబద్ధం చెప్పింది, నొప్పి అసలు పలకనే లేదు. ఇంకేదన్నా సాక్షి ఉందా అని వెతుకుతున్నా అక్కయ్యా."

ఆమెకి దొరికిన సాక్షి ఇది. మన చర్మం కాస్త పులుపు. ఆ పులుపు చాలా క్రిములకి గిట్టదు. చర్మం తెగితే ఆ కాపలా పోయి, లోపలి తడి పైకి వస్తుంది. అది క్షారం వైపు ఉంటుంది. మానే పుండు నెమ్మదిగా మళ్ళీ పులుపు వైపు నడుస్తుంది. మొండి పుండు, క్రిములు చేరిన పుండు క్షారంలోనే కూర్చుంటాయి. పుండుని శుభ్రంగా కడిగి, కొత్తగా తడి ఊరేదాకా ఆగి, కాగితం అంచు ఆనిస్తే అది ఎటు నడుస్తోందో కొంత తెలుస్తుంది.

మా మరిదికి ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గరికే వెళ్ళి ఇది అడిగింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. "కొలవండమ్మా. కానీ కాగితం బాగుందని చెప్పిందని నా దగ్గరికి రావడం మానొద్దు. అది సాక్షే, తీర్పు చెప్పేది కాదు" అన్నారు. ఇంటికొస్తూ బస్సులో ఆ మాట ఆమె రెండుసార్లు అనుకుంది.

సుగుణమ్మ మా మిరప చేలో పనిచేస్తుంది. ఏసోబు భార్య. ఆమెకీ షుగరు ఉంది. పత్తి పీకేసిన చేలో మిగిలిన మోడు ఒకటి చెప్పుని చీల్చుకుని అరికాల్లో దిగింది. అది దిగినట్టు ఆమెకి తెలియలేదు. "చెప్పు తడిగా ఉందేందా అని చూసుకుంటే నెత్తురమ్మా" అని నవ్వుతూ చూపించింది.

మా తోడికోడలు నవ్వలేదు. "ఈ కాలితోనే కల్లంలో తిరిగావా?"

"తిరక్కేం చేత్తానమ్మా, కాయ ఎండబోసిందిగా."

"మిరప కోరు పడలేదా పుండులో? మండలేదా?"

"లేదమ్మా. దేవుడి దయ, చీమ కుట్టినట్టన్నా లేదు."

ఎండుమిరప ఘాటు దుమ్ముని మేం కోరంటాం. మా ప్రాంతంలో గోరు పక్కన చర్మం లేచినా, ఆ చేత్తో మిరపకాయ ముట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. మా తోడికోడలు తెల్లబోయి నా వైపు చూసింది. సుగుణమ్మ వెళ్ళాక అన్న మాట: "మండే పుండు మనకి చుట్టం అక్కయ్యా. మండని పుండుని నమ్మకూడదు."

మర్నాడే గుంటూరు తీసుకెళ్ళింది. డాక్టరు గారు శుభ్రం చేసి, మందులు రాసి, కట్టు ఎలా కట్టాలో నేర్పి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి పంపారు. అక్కడి నుంచి రోజూ పొద్దున సుగుణమ్మ ఆమె మెట్ల మీద కాలు చాపి కూర్చోవడం, ఈమె కింద పీట వేసుకుని ఆ కాలు ఒళ్ళో పెట్టుకోవడం. ఇద్దరికీ మాటలు ఆగేవి కావు. చర్చిలో పాడే పాటల దగ్గర్నుంచి ఏసోబు గురక దాకా. నేను గోడ ఇవతల కూరలు తరుగుతూ అన్నీ వినేదాన్ని.

మాట దగ్గర తేడా వచ్చింది అప్పుడే.

"పుండు పులవాలి సుగుణమ్మా. పులిస్తే మానుతున్నట్టు."

"అదేందమ్మా! పుండున్నోళ్ళు పులుపు ముట్టగూడదంటగా? మా అత్త గోంగూర గూడా పెట్టట్లా, చీం పట్టిద్దని."

"తినే పులుపు కాదే పిచ్చిదానా. పుండులో పుట్టే పులుపు."

నేను ఊరుకోలేకపోయాను. "ఆమ్లం అని చెప్పు. పులుపంటే వంటింట్లోకి పోతుంది" అన్నాను గోడ మీంచి.

"ఆమ్లమంటే బాత్రూం కడిగే యాసిడ్ అనుకుని జడుసుకుంటుంది అక్కయ్యా. పులుపు మన మాట."

"మన మాట గనకే చెబుతున్నా. మన మాట మనం పెట్టిన చోట ఉండదు."

"లెక్కల టీచరువి, నీకన్నీ పెట్టిన చోటే ఉండాలి" అని నవ్వేసింది. జీవితమంతా ఇంగ్లీషులో పాఠం చెప్పినా, అరుగు మీద కూర్చుంటే పుస్తకాల ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రానిచ్చేది కాదు. ఎదుటివాళ్ళ నోట్లో తిరిగే మాటతో చెప్తేనే చెప్పినట్టు అనేది. ఆ పట్టుదల వల్ల ఎంతమంది పిల్లలు పాసయ్యారో మీకు తెలుసు. ఈ ఒక్కచోట అది అడ్డం తిరిగింది.

సుగుణమ్మకి ధైర్యం చెప్పడానికి ఇంకో మాట కూడా అంది. "పసుపొస్తే ఇక్కడే చూసుకుందాం. నీలమొస్తే మాత్రం గుంటూరే." గుంటూరంటే సుగుణమ్మకి హడలు. "అయ్యగారు రెండు కాళ్ళతో బస్సెక్కి ఒంటికాలితో దిగాడు గదమ్మా" అని నాతోనే అంది ఒకసారి. పైగా మిరప కోతల రోజులు. కాలు కింద పెట్టకుండా నెల కూర్చుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అప్పటిదాకా వచ్చినన్నాళ్ళూ కాగితం ఆకుపచ్చలోనే ఉంది. ఒక్కోసారి నీలం వైపు తొంగిచూసేది. సుగుణమ్మ ఆ ముక్కని చూసే చూపు పరీక్ష ఫలితాల బోర్డు ముందు పిల్లలు చూసే చూపు.

పోవడానికి ముందు రోజు పొద్దున మా తోడికోడలు చిన్న పళ్ళెం పట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అంచు మీద కాగితం ముక్క. "అక్కయ్యా, నిన్న కాస్త తిరిగింది, ఇవాళ చూడు, పులిసింది!" కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. పసుపే. ఆ వయసులో అంత సంతోషం నేను ఆమె మొహంలో చూడలేదు. మా మరిది పోయాక అసలే చూడలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వెళితే కిటికీ దగ్గర కూర్చుని ఆ పళ్ళెం అటూ ఇటూ తిప్పుతోంది.

"తొందరగా మారింది" అంది.

"మంచిదేగా?"

"పాలు తోడుకోవాలన్నా ఒక రాత్రి పడుతుంది అక్కయ్యా."

మర్నాడు పొద్దున ఉప్పునీళ్ళు పెట్టింది.

కర్మకాండలు జరిగినన్నాళ్ళూ కట్టు తనే కట్టుకుంటున్నానంది సుగుణమ్మ. వచ్చే పోయే జనంలో నేను నమ్మాను. పెద్దకర్మ నాడు ఆ నిమ్మకాయ మాట విన్నాక భోజనాలు అవనిచ్చి ఆమెని పెరట్లోకి పిలిచాను. కట్టు విప్పించాను. గుడ్డ మడతలో ఒక నిమ్మగింజ ఉంది.

"ఏమిటిది?"

తల దించుకుంది. "పెరట్లో చెట్టుదేనమ్మా. చిన్నమ్మగారే అనిందిగా, పుండు పులవాలని. ఆరోజు ఫంక్షన్లో చూపిచ్చింది గూడా, నిమ్మకాయ పిండితే రంగు పసుపయ్యింది. పసుపొస్తే గుంటూరు పోపన్లేదనింది." మళ్ళీ తనే అంది, "అందరికీ చెప్పింది మా అత్త. నేను గాదు."

"పచ్చిపుండు మీద నిమ్మకాయ పిండావా? మంట పుట్టలేదూ?"

"లేదమ్మా. చల్లగా ఉంది."

నేను బావి గట్టు మీద కూర్చున్నాను. ఊరందరికీ కన్నీళ్ళు తెప్పించే కోరుకీ మండలేదు, నిమ్మరసానికీ మండలేదు.

కాసేపటికి లేచి నీళ్ళు కాచాను. ఉప్పు వేసి, చల్లార్చి, మా తోడికోడలు ఎలా కడిగేదో అలాగే కడిగాను. తడి ఊరేదాకా ఆగి కాగితం ఆనించాను. నీలం. అంత నీలం ఈ కాలు దగ్గర నేను ఎప్పుడూ చూడలేదు. వాసన కూడా మొదలైంది.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఆవిడ ఉండగా కూడా పిండావా?"

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆకర్న రెండు రోజులమ్మా. ఇంటికాడ పిండుకుని, తుడుసుకుని వచ్చేదాన్ని. పసుపొస్తే ఆ తల్లి మొకం ఎలిగిపోయింది. ఇంక చెప్పడానికి నోరు రాలా."

ఆమెని తిట్టాలనుకున్నాను. శుభ్రమైన గుడ్డ తెచ్చి కట్టు కట్టాను. మా తోడికోడలు ఆఖరి సంతోషం నిమ్మకాయ సంతోషమా? లేని మాట నమ్మి పోయిందా? నన్నిప్పుడు నిద్రపోనివ్వంది ఇదే.

నిన్న ఆమె ఫోను మోగింది. మీరంతా చేస్తుంటారని చార్జింగ్ పెట్టి ఉంచుతున్నాను. గుంటూరు డాక్టరు గారి దగ్గర పనిచేసే అమ్మాయి. "సుగుణమ్మ గారికి సోమవారం టైం తీసుకున్నారండీ మేడం. వస్తున్నారా?" ఎప్పుడు తీసుకుందని అడిగాను. ఆ పిల్ల చూసి చెప్పింది. పోయిన రోజుకి ముందు రోజు సాయంత్రం. అంటే పసుపు చూశాక. నాతో పాలు, తోడు అన్నాక.

కాగితం బాగున్నా రావడం మానొద్దన్న డాక్టరు గారి మాట పాటించిందా? లేక పళ్ళెం తిప్పుతున్నప్పుడే నిమ్మవాసన పసిగట్టి, సుగుణమ్మని చిన్నబుచ్చకుండా తీసుకెళ్దామనుకుందా? కూరలో చిటికెడు ఇంగువ ఎక్కువైతే వీధిలోంచే చెప్పే ముక్కు ఆమెది. అయినా నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయను. ఫోనులో ఆ పిల్లకి ఉన్న సంగతి చెప్పాను. డాక్టరు గారిని అడిగి వచ్చి, సోమవారం దాకా ఆగొద్దు, శనివారం పొద్దున్నే తీసుకురమ్మంది.

ఇది విని సుగుణమ్మ, "కోత అయిపోయినాక పోతాలేమ్మా" అంది.

"కాలు అయిపోయినాక కోతకి ఎట్లా పోతావు?" అన్నాను.

"ఏసోబుని అడిగి చెబుతా" అని వెళ్ళింది. ఇది రాసేటప్పటికి ఇంకా చెప్పలేదు.

ఇక జరగాల్సినవి రాస్తున్నాను.

1. రేపు మొదటి బస్సుకి సుగుణమ్మ, ఏసోబు నాతో గుంటూరు రావాలి. వేలు తీయాలంటే తీయించుకోవాలి, కాలు మిగలాలి. రేపు ఆమెని కోతకి పిలవాలనుకునే రైతులు ముందు మా ఇంటికి వచ్చి నాతో మాట్లాడాలి.

2. పుండు మీద నిమ్మరసం, చింతపండు పులుసు, పుల్లమజ్జిగ, సున్నం, ఏదీ పెట్టకూడదు. పులుపు పుండు తనంతట తాను తెచ్చుకోవాలి, మనం పోసేది కాదు. లెక్చరరమ్మ చెప్పిందని ఎవరన్నా అంటే ఈ కాగితం చూపించాలి.

3. షుగరున్నవాళ్ళు చేలోంచి రాగానే అరికాళ్ళు చూసుకోవాలి, కనపడకపోతే అద్దం పెట్టి చూసుకోవాలి. కోరు పడి మండితే సంతోషించండి. మండకపోతే బయల్దేరండి.

4. మీలో డాక్టర్లు, నర్సులు, టీచర్లు అయినవాళ్ళు ఉన్నారు. పుండుకి వచ్చే ఆ పులుపుకి, వంటింట్లోకి పోని, బాత్రూంలోకీ పోని తెలుగు మాట ఒకటి వెతకండి. నాకు దొరకలేదు. ఆమె ఉంటే దొరికేదాకా నాతో పోట్లాడేది.

5. ఆమె కిటికీలో పళ్ళెం ఉంది, అంచు మీద ఆ ఆఖరి ముక్క ఉంది. ఇల్లు కడిగేవాళ్ళు దాన్ని తీయొద్దు. పొద్దుటెండ సరిగ్గా దాని మీదే పడుతుంది. ఇవాళ చూస్తే రంగు వెలిసిపోయింది. పసుపో, ఆకుపచ్చో, కళ్ళద్దాలు పెట్టుకున్నా చెప్పలేకపోయాను.